కరువు కట్ట మీద ఎరుపు తెలుపు పట్టెలు

మా నాయన వేళ్ల మీద గీతలు లేవు. రేషన్ అంగడిలో ఆయన వేలిముద్ర పడక ప్రతినెలా జరిగే రభస ఊరంతటికీ తెలుసు. కానీ బెంగళూరులో ఫ్రాన్సు వీసా కోసం వెళ్లిన రోజునే నాకు ఆ వేళ్ల గురించి నిజంగా భయం వేసింది. గాజు పలక మీద నాయన నాలుగు వేళ్లూ ఆనించాడు. ఎర్రదీపం వెలిగింది. వేళ్లు పంచెకు తుడుచుకుని మళ్లీ ఆనించాడు. మళ్లీ ఎర్రదీపమే. కౌంటరులో ఉన్న అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి, తుడిచి గట్టిగా నొక్కమంది. గాజు పగులుతుందేమో అన్నంత గట్టిగా నొక్కాడు నాయన.

“ఈయన వేళ్లకు ఏమైంది?” అని ఆ అమ్మాయి నన్ను కన్నడంలో అడిగింది. కర్ణాటక సరిహద్దు ఊళ్లవాళ్లం కాబట్టి మాకు కన్నడం ఇంటి భాషతో సమానం. నేను నోరు తెరిచేలోపే నాయన అదే భాషలో జవాబు చెప్పాడు, రాళ్లు తినేశాయి తల్లీ అని. ఆ అమ్మాయి నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లి తన పై ఉద్యోగిని పిలుచుకొచ్చింది. ఇద్దరూ నాయన అరచేతులు వెలుతురుకు తిప్పి చూశారు, ఏదో కాగితం మీద రాసుకున్నారు, సరే వెళ్లమన్నారు. ఫారంలో వృత్తి అన్న గడిలో ‘రాతిగోడలు కట్టే మేస్త్రి’ అని నేనే ఇంగ్లీషులో రాశాను. ఆ మాట రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

మాది రాళ్లు కొట్టి, రాళ్లు పేర్చి బతికిన ఇల్లు. మట్టి గానీ సిమెంటు గానీ లేకుండా ఉత్త రాయి మీద రాయి పెట్టి గోడ నిలబెట్టడం నాయన పని. చేల గట్లు, బావుల ఒరలు, గొర్రెల దొడ్లు, మా చుట్టుపక్కల ఊళ్లలో వంగి చూస్తే చాలావాటి మీద ఆయన చెయ్యి కనబడుతుంది. చదువుకునే రోజుల్లో నాకు ఆ పని పేరెత్తితే తల కొట్టేసినట్టు ఉండేది. పదో తరగతి ఫారంలో తండ్రి వృత్తి ‘వ్యవసాయం’ అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. నాయన ఆ ఫారం మీద వేలిముద్ర వేశాడు. గీతలు లేని నల్లటి మచ్చ పడింది. ఏం రాశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉంటూ పిల్లలకు కోటలూ గోపురాలూ పాఠం చెప్పేటప్పుడు ఆ ఫారం గుర్తొస్తే నా మీద నాకే చిరాకు వేస్తుంది.

మా ఊరు రాయదుర్గం నుంచి బస్సులో గంట దూరం. ఊరికి పడమర పెద్ద పెద్ద గుండ్లు పేరుకున్న కొండ ఉంది. వాన పడడమే అరుదు. పడితే మాత్రం నీళ్లు కొండ మీంచి ఒక్క ఊపున దిగి కింది చేలలోని ఎర్రమన్నును తీసుకెళ్లి వంకలో కలిపేవి. నా చిన్నతనంలో ఒక కరువు సంవత్సరం ప్రభుత్వం పనులు పెట్టినప్పుడు, కొండ నడుముకు అడ్డంగా ఒక పొడుగాటి రాతికట్ట కట్టారు. ఇరవై ఇళ్లవాళ్లు చేశారు ఆ పని. మగవాళ్లు గడ్డపారలతో రాళ్లు పెకిలిస్తే ఆడవాళ్లు తలమీద మోశారు, నాయన పేర్చాడు. నీళ్లు రాళ్ల సందుల్లోంచి నెమ్మదిగా కిందికి పోతాయి, మన్ను మాత్రం కట్ట వెనకే ఆగిపోతుంది. దానికి ఊళ్లో కరువు కట్ట అనే పేరు నిలిచిపోయింది.

అప్పుడు ఇంటికి ఇంత పొడవని వంతులు వేసుకున్నారు. కొలతల దగ్గర నీది నాది అని తగువులు రాకుండా, ఒక్కో వంతు మొదలయ్యే చోట నాయన ఒక తెల్లటి పలుగురాయిని బయటికి కనబడేట్టు పెట్టాడు. అలాంటివి ఇరవై ఉన్నాయి. మొదటి వంతు మాది, అంటే మా అమ్మ మోసిన రాళ్లు. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉంది, అది కూడా ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో నిలబడినది.

ఒకసారి ఫ్రాన్సు నుంచి ఒకామె మరికొందరితో కలిసి మా వైపు వాననీటి పనులు చూడడానికి వచ్చింది. నాయన కంటే నాలుగైదేళ్లు చిన్నదై ఉంటుంది. మిగతా అతిథులు చెట్టునీడ చూసుకుని కూర్చుంటే ఆమె ఎండలో కరువు కట్ట పొడవునా నడిచింది, రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి చూసింది, ఇది కట్టినవాళ్లు ఎవరని అడిగింది. ఆమెది బర్గండీ. ద్రాక్షతోటలూ ద్రాక్షసారా తప్ప వేరే లోకం లేని ప్రాంతమట. వాళ్ల తోటల చుట్టూ వందల ఏళ్ల నాటి ఇలాంటి గోడలే ఉన్నాయనీ, కూలినచోట్ల కట్టేవాళ్లు కరువైపోయారనీ చెప్పింది. ఏటా వసంతంలో ఊళ్లోవాళ్లంతా చేరి పది రోజులు గోడలు బాగుచేస్తారట. ఆ పది రోజులకు నాయనను రమ్మంది, ఇంగ్లీషు మాట్లాడడానికి తోడుగా కూతురినైన నన్ను కూడా. ఖర్చంతా వాళ్ల సంఘం పెట్టుకుంటుందని చెప్పింది. నాయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “పిలిస్తే పోవాల గదా,” అన్నాడు, పక్క ఊరికి బావి ఒర కట్టడానికి పోయినంత తేలిగ్గా.

బయలుదేరే ముందు బస్టాపు దగ్గర ఊరి పెద్దమనిషి ఎదురయ్యాడు. ఊళ్లో ఎక్కువ పొలం ఉన్న ఇల్లు ఆయనది. నాయనతో కలిసి గోలీలు ఆడుకున్న మనిషే.

“ఏమప్పా, ఆ కొండమీద కట్ట ఊరికే పడుండాది. నా తోటకు ప్రహరీ లేపాల. ఆ రాళ్లు దింపుకుంటా. నువ్వే పేర్చి ఇస్తువులే,” అన్నాడు.

“అది తీస్తే కింద మన్ను నిలవదన్నా.”

“వాన యాడ పడతాండాది, మన్ను కొట్టుకపోయేదానికి? అయినా అది ఎవురికి కావాల? ఎవురు చూస్తాండారు? నువ్వు ముందు దేశం తిరిగి రాపో. వచ్చినాక ట్రాక్టరు పంపిస్తా.”

ఆయన కోపంతో అనలేదు, ఎగతాళికీ అనలేదు. అందుకే నాకు ఒళ్లు మండింది. కొండ ప్రభుత్వానిదే, కానీ మా ఊళ్లో ఆయన ట్రాక్టరు ఎక్కడికి పోవాలనుకుంటే అక్కడికి పోతుంది.  బస్సెక్కాక నాయన కిటికీలోంచి కొండ కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు.

పారిస్ నుంచి రైల్లో, రైలు దిగిన చోటు నుంచి ఆమె కారులో వెళ్లాం. ఎత్తులేని కొండల వాలు పొడవునా ద్రాక్ష వరుసలు, వాటి మధ్య రాతిగోడలు, అక్కడక్కడా మొనదేలిన చర్చి గోపురాలతో చిన్న చిన్న ఊళ్లు. వసంతం కాబట్టి తీగలు అప్పుడప్పుడే చిగుళ్లు వేస్తున్నాయి. మా జిల్లాలో ద్రాక్ష అంటే తలపైన పందిరి. అక్కడ మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. “ఇంత పేరున్న ఊరంటివి, పందిరి ఎయ్యనీకి చేతకాలేదా వీళ్లకి?” అన్నాడు నాయన. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు.

మర్నాడు పొద్దున ఆమె మమ్మల్ని తోటల మధ్య కాలిబాటన గోడ దగ్గరికి నడిపించింది. ఆ ప్రాంతమంతా ఇలాంటి బాటలున్నాయి. వీపున సంచులు వేసుకున్న ముసలీ ముతకా, పిల్లలు, ఎక్కడెక్కడినుంచో వచ్చి రోజులకొద్దీ నడుస్తారు. నడవడం కోసమే నడవడం నాకు కొత్త. మా ఊళ్లో బస్సు రాకపోతేనే నడుస్తాం. ఆమె వేగంగా ముందు పోతోంది, నేను ఆమె వెనకాల. నాయన మాత్రం మాటిమాటికీ వెనకబడిపోతున్నాడు. పెద్దాయన, చలికి కాళ్లు పట్టేసుంటాయి అనుకున్నాను. మూడోసారి వెనక్కి చూసేసరికి నాయన ఒక రాయి ముందు కూర్చుని కొత్త బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు. రెండు బూట్లూ పక్కన పెట్టి, లేచి, రెండు చేతులూ జోడించి, మళ్లీ కూర్చుని తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రాయి మీద ఒక తెల్లపట్టె, దాని కింద ఒక ఎర్రపట్టె ఉన్నాయి.

విషయం నాకు వెంటనే అర్థమైంది. మా వైపు గుడి గోడలకు సున్నం, ఎర్రమన్ను పట్టెలు వేస్తారు. ఊరి పొలిమేరలో ఉత్త రాయికి ఆ రెండు రంగులు పూస్తే అది ఇక రాయి కాదు. అనంతపురంలో కొన్న ఆ బూట్లకు తాళ్లు చాంతాడంత పొడవు. ఆమె ఇంటి దగ్గర నుంచి అప్పటికి నడిచేవాళ్ల కోసం పూసిన ఇలాంటి దారి గుర్తులు ఏడు దాటాం. ఏడుసార్లూ ఆయన ఈ పని చేశాడు.

“నాయనా, అది దేవుడు కాదు. దావ తప్పకుండా గుర్తు పూసినారు. లెయ్యి, సిగ్గు పోతాంది,” అన్నాను పళ్లు బిగబట్టి.

“అట్లనా,” అన్నాడు నాయన. తాళ్లు ముడివేస్తూ, “దావ చూపించేదానికి మొక్కితే తప్పేముండాది?” అన్నాడు.

ఏమైందని ఆమె అడిగింది. సిగ్గుతో చెప్పాను. ఆమె నవ్వుతుందని ఎదురుచూశాను గానీ నవ్వలేదు. ఈ వాలు మీద మొదట ద్రాక్ష వేసింది మఠాల్లో ఉండే సన్యాసులనీ, ఈ బాటన వాళ్లు ప్రార్థన చేసుకుంటూ నడిచేవాళ్లనీ, మీ నాన్న కంటే ముందు ఇక్కడ మొక్కినవాళ్లు చాలామంది ఉన్నారనీ చెప్పింది. అది తెలుగులో చెప్పేసరికి నాయన నా వైపు గెలిచినట్టు చూశాడు. అయినా ఎనిమిదో గుర్తు దగ్గర మాత్రం బూట్లు విప్పలేదు, తల ఆడించి ఊరుకున్నాడు.

ఆమె దారిపొడవునా తోటలు చూపించింది. ఒకే కొండవాలు, కానీ గోడకు ఇవతలి మన్నుకో పేరు, అవతలి మన్నుకో పేరు. సీసా మీద ఆ నేలచెక్క పేరు రాసి అమ్ముతారు. పైచెక్క సారాకీ కిందిచెక్క సారాకీ రుచి వేరట. ఆ పేర్లను వాళ్లు బంగారం దాచుకున్నట్టు దాచుకున్నారు. నాయన అంతా విని, మన ఊరి చేన్ల పేర్లు చెప్పమ్మా ఆమెకు అన్నాడు. నేను తడుముకున్నాను, నాకు నాలుగు కూడా రావు. ఆయన వేళ్లు ముడుస్తూ మొదలుపెట్టాడు. గుండ్లచేను, నక్కలబోడు, జాలారి చేను, ముసలమ్మ కయ్య, ఎర్రదిన్నె, పలుగుచెక్క... ఆమె పుస్తకం తీసి రాసుకుంది. ఏ మన్నులో శనిక్కాయ నూనె ఎక్కువ దిగుతుందో, ఏ చేనిలో కొర్ర రుచిగా ఉంటుందో కూడా చెప్పాడు నాయన. ఇరవై ఏళ్లుగా పిల్లలకు భూగోళం చెబుతున్న నాకు తెలియని భూగోళం ఆయన దగ్గర అంత ఉంది. నాకు గర్వంగా ఉంది, దాని వెంటే సిగ్గు కూడా ఉంది.

సాయంత్రం ఒక నేలమాళిగలో రుచి చూడడానికి పిలిచారు. అక్కడివాళ్లు గ్లాసు తిప్పి, వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి బకెట్టులో ఉమ్మేశారు. నాయన ముఖం మాడిపోయింది. “ఇంత కష్టపడి పండించి ఉమ్మేస్తారేమి పాపా? మర్యాద ఉండొద్దా?” అని, తనకిచ్చింది చుక్క మిగలకుండా తాగి గ్లాసు బోర్లించాడు. ఎలా ఉందని అడిగితే నేరేడుపండు తిన్నాక నాలుక ఉన్నట్టు ఉందన్నాడు. ఆ మాట వాళ్లకు నచ్చింది, నేరేడు అంటే ఏమిటో చెప్పలేక నేను చెమటలు కక్కాను.

గోడ పని ఒక కూలిన గండి దగ్గర మొదలైంది. అక్కడి గోడల మేస్త్రి ముసలివాడు, సన్నగా, మాట తక్కువ మనిషి. ఆయన పక్క నుంచి ఆయన కట్టుకొస్తాడు, ఇవతలి పక్క నుంచి నాయన కట్టాలి. రెండూ నడిమధ్య కలవాలి. ముందు రోజు ఆ మేస్త్రి ఫోటోల్లో మా కరువు కట్ట చూసి, మంచిదే గానీ మోటుపని అన్నాడని ఆమె మొహమాటంగా చెప్పింది. నాయనకు చెప్పకుండా ఉండాల్సింది, చెప్పేశాను.  గండి పూడ్చిన మూడు రోజులూ పనిచేసినట్టు నాయన మరెన్నడూ పనిచెయ్యలేదు. వాళ్లది పలకలుగా విరిగే సున్నపురాయి, మాది ఎలా కొట్టినా మొండికేసే నల్లరాయి. మొదటి గంట ఆయన పేర్చనే లేదు. రాళ్లు చేతిలోకి తీసుకోవడం, బరువు చూడడం, తట్టి చెవి దగ్గర పెట్టుకోవడం. ఆ తర్వాత ఎత్తిన రాయిని మళ్లీ కింద పెట్టలేదు. కంటితోనే చోటు చూసి, ఎత్తి, ఒక్క తిప్పు తిప్పి కూర్చోబెట్టాడు. సుత్తి పక్కన పడి ఉంది.

మూడోరోజు మధ్యాహ్నానికి రెండు గోడలూ కలిశాయి. ఆ మేస్త్రి వచ్చి నాయన కట్టిన వైపు భుజంతో నెట్టాడు. గోడ మీదికెక్కి ఇటు నుంచి అటు నడిచాడు. ఒక్క రాయి కదిలిన చప్పుడు రాలేదు. నాయన మాత్రం బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. ముసలాయన దిగివచ్చి కరచాలనానికి చెయ్యి చాపాడు. చేతిలో చెయ్యి పడగానే ఇద్దరూ ఆగిపోయారు. నాయన ఆయన అరచెయ్యి తిప్పి చూశాడు. ఆ వేళ్ల మీదా గీతలు లేవు. ఆయన కూడా నాయన చెయ్యి తిప్పి చూసి, బొటనవేలితో ఆ నున్నటి వేలికొసలు తడిమి పెద్దగా నవ్వాడు. ఇద్దరికీ నా అవసరం లేకపోయింది. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఆయన నా తండ్రి అని ఆ తోటలో ఉన్న ప్రతివాళ్లకూ చెప్పాలనిపించింది.

తిరిగొచ్చే ముందురోజు, బాట మొదట్లో పెట్టిన పెద్ద బోర్డు దగ్గర నాయన ఆగాడు. గోడల చరిత్రంతా దాని మీద బొమ్మలతో ఉంది.

“ఎవురు కట్టినారని రాసినారు?”

చదివి చెప్పాను. సన్యాసుల మఠం, తర్వాత జమీందార్లు, తర్వాత తోటల యజమానులు.

“అది కాదు పాపా. రాళ్లు మోసినోళ్లు ఎవురు, పేర్చినోళ్లు ఎవురు?”

మళ్లీ వెతికాను. లేదు.

“ఈడ గూడ అంతేనా,” అని నాయన ముందుకు నడిచాడు. అన్ని రోజుల్లో ఆయన గొంతులో దిగులు వినబడింది ఆ ఒక్కసారే.

ఊరికి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. వచ్చిన నాలుగో రోజే పెద్దమనిషి కబురు పంపాడు, బుధవారం ట్రాక్టరు కొండకు పోతుందని. నాయన అన్నం తినకుండా లేచిపోయాడు. నేను బతిమాలాను, ఎవరికైనా అర్జీ పెడదాం అన్నాను. “ఉత్త రాళ్లకు అర్జీ ఏంది పాపా,” అన్నాడు. ఇరవై ఇళ్లవాళ్లలో ఎవరైనా అడ్డుపడతారేమో అని నలుగురిని కదిపి చూశాను. కట్టినవాళ్లలో చాలామంది లేరు. వాళ్ల పిల్లలకు అది కొండమీద పడున్న రాళ్ల వరస.

ఆదివారం తెల్లవారగానే ఒక బకెట్టు సున్నం, ఒక బకెట్టు ఎర్రమన్ను కలుపుకుని కొండకు పోయాను. బస్సు రోడ్డు నుంచి కట్ట దాకా ప్రతి మలుపులో ఒక గుండు మీద తెల్లపట్టె, దాని కింద ఎర్రపట్టె వేశాను. కట్ట పొడవునా కూడా వేశాను. బడి పిల్లలను నడిపించడానికి, రేపు ఎవరైనా చూడడానికి వస్తే దారి తెలియడానికి అని అడిగినవాళ్లకు చెప్పాను. అది నిజమే. కానీ అబద్ధమెందుకు, నా మనసులో ఇంకొకటి కూడా ఉంది. నాయన బూట్లు విప్పిన రాయి నేను మరిచిపోలేదు.

నేననుకున్నదే జరిగింది. సోమవారానికి ఒక గుండు మీద పసుపు, కుంకుమ కనబడ్డాయి. మంగళవారానికి నిమ్మకాయలు, వేపమండలు, ఎవరో కొట్టిన టెంకాయ చిప్పలు. తప్పిపోయిన మేక మొక్కుకోగానే దొరికిందని ఒక గొర్లకాపరి భార్య ఊరంతా చెప్పింది. నేను తరగతిలో మూఢనమ్మకాల పాఠం చెబుతూ లోలోపల పండగ చేసుకున్నాను.

బుధవారం సెలవు పెట్టి నాయనతో కొండమీదే కూర్చున్నాను. ట్రాక్టరు వచ్చింది. నడిపేవాడు మా ఊరివాడే, నలభైకి దగ్గరపడినవాడు. వెంట గడ్డపారలతో ఇద్దరు కూలీలు. పట్టెలూ పసుపూ చూడగానే వాడు ఇంజను ఆపి, దిగి, చెప్పులు విడిచాడు.

“మామా, ఈడ ఏ దేవుడు వెలిసినాడు?”

నేను నాయన వైపు చూశాను. ఒక్క మాట చాలు. ఏ దేవుడి పేరు చెప్పినా ఆ ట్రాక్టరు అటునుంచి అటే పోతుంది. అసలు ఏమీ చెప్పకపోయినా పోతుంది.

“ఏ దేవుడూ వెలవలేదప్పా,” అన్నాడు నాయన. “నా కూతురు పూసింది. ఆ దేశంలో దావకు గుర్తు ఇట్ల పూస్తారు. పసుపు మనోళ్ల తెలివి.”

నాయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ట్రాక్టరువాడు నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, చెప్పులు తొడుక్కుని, కూలీలకు సైగ చేశాడు. వాళ్లు గడ్డపారలు దింపారు.

“దేవుడు కట్టలేదు దీన్ని. మేం కట్టినాం,” అన్నాడు నాయన లేస్తూ. “ఎత్తుకుంటే ఎత్తుకోండి. ఎవురి వంతు ఎత్తుతాండారో తెలుసుకోని ఎత్తండి.”

మొదటి తెల్లరాయి దగ్గర ఆగాడు. “ఇది నా పెండ్లాం మోసింది.” రెండోదాని దగ్గరికి నడిచాడు. “ఇది బావికాడ ఇంటోళ్లది. మొగుడు జొరంతో పడుంటే ఆమె ఒక్కతే మోసింది.” మూడోది, నాలుగోది. ఒక్కో రాయి దగ్గరా ఒక్కో ఇల్లు చెప్పాడు. ట్రాక్టరువాడు ఎందుకో వెంట నడిచాడు. ఏడో తెల్లరాయి దగ్గర నాయన ఆగి వాడి వైపు తిరిగాడు.

“ఇది మీ అమ్మది. నువ్వు చంటోడివి. ఆ గుండు నీడలో చీర పరిచి నిన్ను పండుకోబెట్టేది. ఇదో, ఈ పొడుగు రాయి చూడు. దించేటప్పుడు జారి కాలిమీద పడె. బొటనేలి గోరు ఊడిపాయ. మళ్లీ రాలే.”

 “మా అమ్మ కాలికి ఆ గోరు లేదు,” అన్నాడు వాడు. “నేను ఎప్పుడూ అడగలే.”

“ఇంట్లోనే ఉండాది గదా. అడుగుపో.”

వాడు కింద కూర్చుని ఆ పొడుగు రాయి మీద అరచెయ్యి పెట్టాడు. దాని పక్కన ఒక రాయి జారి కింద పడి ఉంది. దాన్ని ఎత్తి పెట్టబోతే కుదరలేదు. “ఆ మూల లోపలికి తిప్పు,” అన్నాడు నాయన. తిప్పాడు. కూర్చుంది. కూలీల్లో ఒకడు గడ్డపార భుజాన వేసుకుని, అవతలి పధ్నాలుగో తెల్లరాయి చూపించి, అది ఎవరి వంతని నాయనను అడిగాడు.

ట్రాక్టరు ఖాళీగా దిగిపోయింది. పెద్దమనిషి ఇంకో ట్రాక్టరు పంపలేదు. ఆయన తోట ప్రహరీ సిమెంటు ఇటుకలతో లేవడం తర్వాత నేను బస్సులోంచి చూశాను. ఆ వారంలోనే నాలుగైదు ఇళ్లవాళ్లు ముసలివాళ్లను వెంటబెట్టుకుని కొండెక్కి వాళ్ల వంతులు చూసుకుని పోయారు.

ఆ రోజు మాత్రం ట్రాక్టరు చప్పుడు వినబడకుండా పోయేదాకా నేను నాయన ముఖంలోకి చూడలేకపోయాను. ఆయన కట్టినదాన్ని ఆయన మాట చాలదన్నట్టు నేను ఒక దేవుడి చాటున దాచాలని చూశాను. పదో తరగతిలో చేసిందే మళ్లీ చేశాను. తాగడానికి తెచ్చుకున్న నీళ్ల క్యాను తీసుకుని, పైటకొంగు తడిపి, మొదటి రాయి మీది పట్టెలు రుద్దడం మొదలుపెట్టాను.

నాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. గీతలు లేని ఆ వేళ్లు ఎంత నున్నగా ఉంటాయో అప్పుడే మళ్లీ తెలిసింది.

“చెరపొద్దు పాపా. దావ తెలుస్తాది గదా. ఎవురన్నా వస్తే ఈడిదాకా వస్తారు. వచ్చినాక నువ్వు చెప్పు, ఎవురు మోసినారో, ఎవురు పేర్చినారో.”

అప్పటి నుంచి చెబుతున్నాను. మొదటి తెల్లరాయి దగ్గర మా అమ్మతో మొదలుపెడతాను.